రెండు ముక్కుల మొగుడు

(హాలులో కిటికీ పక్కన కుర్చీలో రామేశం బిగుసుకుని కూర్చున్నాడు. ఎదురుగా సుభద్ర కొత్త కెమెరాను కంటికి ఆనించి, లెన్స్ చుట్టూ ఉన్న రింగును అటూ ఇటూ తిప్పుతోంది.)

రామేశం: నువ్వు ఫొటో తీస్తున్నావో, మీనమేషాలు లెక్కిస్తున్నావో తెలియడం లేదు గానీ, నా ఎడమ కాలు మాత్రం పూర్తిగా తిమ్మిరెక్కింది.

సుభద్ర: మీరు కదలకుండా ఉంటే ఈపాటికి అయిపోయేది. నాకు మీ ముక్కులు రెండు కనబడుతున్నాయి. వాటిని కలిపి ఒకటి చేసేదాకా ఓపిక పట్టండి.

రామేశం: పుట్టినప్పటి నుంచి నాకున్నది ఒకటే ముక్కు. రెండోది తగిలించింది నీ కెమెరా కాబట్టి, దాన్ని ఊడదీసే బాధ్యత కూడా దానిదే. నా ఫోనును చూడు, ముఖం ఎక్కడుందో ఎవరూ చెప్పకుండానే వెతికి పట్టుకుంటుంది.

సుభద్ర: ఇది రేంజ్‌ఫైండర్ అండీ, ఫోకస్ నేనే కుదుర్చుకోవాలి. ముందు భాగంలో పైన పెద్ద కిటికీ ఒకటి, కాస్త ఎడంగా చిన్న కిటికీ ఒకటి ఉన్నాయి చూశారా? పెద్ద దానిలోంచి నేను మిమ్మల్ని చూస్తుంటే, చిన్నది మరో కోణంలోంచి మిమ్మల్నే చూసి, ఆ బొమ్మను తెచ్చి, నేను కన్ను ఆనించి చూసే ఈ వ్యూఫైండర్ మధ్యనున్న చదరంలో పడేస్తుంది. రింగు తిప్పుతూ పోతే ఆ రెండో బొమ్మ మెల్లగా జరిగి మొదటి దాని మీద అతుక్కుంటుంది. అలా అతుక్కున్న చోటే ఫోకస్ కుదిరినట్టు. లైకా అనే జర్మన్ కెమెరా కంపెనీ వాళ్లు ఈ ఏర్పాటును లెన్సుకు జోడించి 1932లోనే కెమెరాలో అమర్చారు.

రామేశం: 1932 నాటి పద్ధతిని పట్టుకొచ్చి, కొత్త కెమెరా అని నన్ను నమ్మించావన్నమాట.

సుభద్ర: లోపలి సరుకంతా కొత్తదే. ఇది 2022లో వచ్చిన లైకా ఎం11, దీని సెన్సర్ 60 మెగాపిక్సెళ్లది, కార్డు లేకపోయినా 64 జీబీ దాచుకునే జాగా ఒంట్లోనే ఉంది. ఇక ధర మాట ఎత్తకూడదని నిన్ననే ఒప్పుకున్నారు.

రామేశం: నేను ఎత్తలేదు, నిట్టూర్చాను. 60 మెగాపిక్సెళ్లు చేతిలో ఉండి కూడా ఒక మనిషి ముఖాన్ని పట్టుకోలేని దాన్ని కొన్నందుకు, ఆ మాత్రం నిట్టూర్చే హక్కు భర్తకు ఉంటుందనుకుంటాను.

సుభద్ర: కుదిరింది, కుదిరింది! మీ కళ్లజోడు ఫ్రేము అంచు దొరికింది. నునుపైన చెంప మీద ఎంత తిప్పినా ఏమీ తెలియదు, ఇలా నిలువు గీత ఏదైనా దొరికితే చటుక్కున కలుస్తుంది. ఇదిగో, నొక్కుతున్నాను.

(టిక్కుమని చిన్న చప్పుడు. సుభద్ర వెనక తెర చూసి మౌనంగా ఉండిపోతుంది.)

రామేశం: ఎలా వచ్చింది?

సుభద్ర: కొంచెం చీకటిగా వచ్చింది.

రామేశం: (లేచి చూసి) ఇది చీకటిగా రావడం కాదు, చీకటే వచ్చింది. లెన్స్ మూత తీశావా?

సుభద్ర: మూత పెట్టి ఉన్నా వ్యూఫైండర్‌లో మీరు దివ్యంగానే కనబడ్డారు. ఇందులో మన కన్ను లెన్స్‌లోంచి చూడదు, దాని పక్కనున్న కిటికీలోంచి చూస్తుంది. ఈ రకం కెమెరాలు వాడేవాళ్లందరికీ ఒకసారైనా జరిగే ముచ్చటే ఇది.

రామేశం: అందరికీ జరుగుతుందని ముందే తెలిసినదానివి, నా కాలు తిమ్మిరెక్కకముందే ఆ మూత తీయవచ్చు కదా! వెలుతురు చాలడం లేదని కెమెరా గోల పెట్టలేదా?

సుభద్ర: లోపల ఎర్ర బాణం వెలిగింది. మీ ముఖంలో ఇవాళ కళ తక్కువగా ఉందేమోననుకున్నాను.

(మూత తీశాక మరో ఫొటో పడింది. ఈసారి రామేశం ఉన్నాడు. అతనితోపాటు పక్కనే కుప్ప పోసిన ఉతికిన బట్టలూ ఉన్నాయి.)

రామేశం: ఆ బట్టలు ఫొటోలో పడవని ప్రమాణం చేసినంత పని చేశావు.

సుభద్ర: గీతకు అవతలే ఉన్నాయండీ! ఫొటోలో ఎంత మేర పడుతుందో చూపించడానికి వ్యూఫైండర్‌లో వెలిగే గీతల చట్రాన్ని 2 మీటర్ల దూరానికి లెక్కవేసి పెడతారు. మనిషి అంతకంటే దూరంగా ఉంటే, గీత బయటిది కూడా కొద్దిగా లోపలికి వచ్చేస్తుంది. పైగా ఈ 50 ఎంఎం లెన్స్ తగిలిస్తే 75 ఎంఎం లెన్సుకు పనికొచ్చే చట్రం కూడా దాని లోపలే కనబడుతుంది. రెంటిలో మనది ఏదో మనమే గుర్తుంచుకోవాలి.

రామేశం: గీత గీసేది అదే, దాన్ని దాటేదీ అదే అన్నమాట.

సుభద్ర: గీత బయట కూడా కనబడటమే దీని గొప్పతనం. ఎవరు చట్రంలోకి నడిచి వస్తున్నారో, ఎవరు పోతున్నారో ముందే తెలుస్తుంది. ఎస్‌ఎల్‌ఆర్ రకం కెమెరాల్లోలా లోపల అద్దం లేచి పడటం ఉండదు కాబట్టి, నొక్కిన క్షణంలోనూ ఎదుటి మనిషి కంటికి కనబడుతూనే ఉంటాడు. ఫ్రాన్సుకు చెందిన పేరుమోసిన ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెస్సాన్ అంతటివాడు వీధుల్లో తిరుగుతూ తీసినది లైకాతోనే, అది కూడా ఎక్కువగా 50 ఎంఎం లెన్సుతోనే.

రామేశం: ఆయన తీసిన మనుషులు తమ దారిన తాము పోయేవాళ్లు. నన్నేమో కుర్చీకి కట్టేసినట్టు కూర్చోబెట్టావు.

సుభద్ర: మీరు దీన్నే ఇంత ఆడిపోసుకుంటున్నారు గానీ, డిజిటల్ రేంజ్‌ఫైండర్లలో మొదటిదైన ఎప్సన్ ఆర్-డి1 మీ చేతికి వచ్చి ఉంటే ఏమనేవారో! 2004లో వచ్చింది, 6 మెగాపిక్సెళ్లది. ఫిల్ము లేకపోయినా, షట్టర్‌ను బిగించడానికి ప్రతి ఫొటోకూ ఫిల్ము తిప్పినట్టు మీట లాగవలసిందే.

రామేశం: లేని ఫిల్ముకు ఉన్న మీట! దాన్ని కొననందుకు నీకు చేతులెత్తి నమస్కరించాలి.

సుభద్ర: రెండేళ్లకు లైకా ఎం8 వచ్చింది. దాని సెన్సర్ కంటికి కనబడని పరారుణ కాంతిని కూడా పట్టేసుకోవడంతో, నల్లటి సింథటిక్ బట్టలు ఊదా ఛాయలోకి తిరిగేవి. చివరికి కొన్నవాళ్లకు లెన్స్ ముందు పెట్టుకునే ఫిల్టర్లు రెండేసి ఉచితంగా ఇచ్చారు.

రామేశం: నా నల్ల కోటు ఊదాగా మారకపోవడమే ఈ కెమెరా నాకు చేసిన ఉపకారం అంటావు. సరే, ఒక్క సంగతి చెప్పు. వెనక అంత పెద్ద తెర ఉంది, అందులో లెన్స్ చూసేదంతా కనబడుతుంది. దాన్ని చూసి తీయడానికి నీకేమిటి అభ్యంతరం?

సుభద్ర: తెర చూసే తీసేటట్టయితే రేంజ్‌ఫైండర్ కొనడం దేనికి? ఆ మాటకొస్తే 2018 నాటి లైకా ఎం10-డికి తెరే లేదు.

రామేశం: మరి ఇందాక వంటింట్లో, ఎవరూ చూడటం లేదనుకుని, తెరలో బొమ్మను పెద్దది చేసుకుని పూలకుండీని తీసినది ఎవరు?

సుభద్ర: అది వేరు. రేంజ్‌ఫైండర్ 70 సెంటీమీటర్ల కంటే దగ్గరి వాటిని కలపలేదు, అందుకని తెరను ఆశ్రయించాను. అంత తేలిగ్గా కనబడితే, మీరే ఒకటి తీసి చూపించండి.

(రామేశం కెమెరా అందుకుంటాడు. సుభద్ర తలుపు ముందు నిలబడి జుట్టు సవరించుకుంటుంది.)

రామేశం: కింద ఒక మూల నల్లగా ఏదో అడ్డం వస్తోంది.

సుభద్ర: అది లెన్సేనండీ, దాన్ని తీసేయడానికి వీల్లేదు.

రామేశం: నువ్వు చెప్పిన రెండో బొమ్మ అసలు లేనే లేదు.

సుభద్ర: చిన్న కిటికీ మీద మీ వేలుంది, ముందు అది తీయండి. లెన్స్ కంత బాగా తెరిచి ఎఫ్/2 పెట్టి ఉంది, జాగ్రత్త! మీటరు దూరంలో ముఖం తీస్తే స్పష్టంగా వచ్చే మందం 5 సెంటీమీటర్లకు మించదు. కంటి మీద కలిపారనుకోండి, చెవి మసకబారుతుంది.

రామేశం: ఆ... కలిసింది. ఎంత చక్కగా అతుక్కుందో చూస్తే ముచ్చటేస్తోంది సుమా!

(టిక్కు. ఇద్దరూ తెర మీదకు వంగుతారు. సుభద్ర బొమ్మను పెద్దది చేస్తూ పోతుంది.)

సుభద్ర: తలుపు గొళ్లెం మీది తుప్పు మరకలు కూడా లెక్కపెట్టవచ్చు. పక్కన మసగ్గా, ముద్దగా ఉన్నది నేనేనా?

రామేశం: నిలువు గీత చూసి కలపమన్నది నువ్వే. తలుపు అంచు తిన్నగా దొరికింది. నీలో ఎంత వెతికినా నిలువు గీత కనబడలేదు, ఉన్నవన్నీ వంపులే. ఇది మెచ్చుకోలుగానే అంటున్నాను.

సుభద్ర: ఆ మెచ్చుకోలేదో తలుపుకే చెప్పుకోండి. ఫొటో దిగింది అదే కదా!