మూత మూస్తే చాలదండీ

ల్యాప్‌టాప్‌తో పని అయ్యాక "మూత మూసేయండి, స్లీప్‌లోకి పోతుంది, చాలు" అని మీరు రాశారు. మా పర్లాకిమిడిలో గాలివానకి కరెంటు పోయిందంటే ఎప్పుడొస్తుందో చెప్పలేం, స్లీప్‌లో ర్యామ్‌కి (తెరిచి ఉన్న పనులన్నీ తాత్కాలికంగా ఉండే మెమరీ) కరెంటు అందుతూనే ఉండాలి కాబట్టి నా పాత బ్యాటరీ పది శాతం చూపిస్తూనే టక్కున ఆగిపోయి, సేవ్ చెయ్యని లెక్కలన్నీ గోవిందా!

హైబర్నేట్ అలా కాదు, ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసేసి పూర్తిగా ఆగిపోతుంది. విండోస్‌లో ఇది చాలాసార్లు మెనూలో కనపడదు, కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, పవర్ బటన్లు ఏం చెయ్యాలో అడిగేచోట హైబర్నేట్‌కి టిక్ పెట్టాలి. అక్కడే మూత మూస్తే బ్యాటరీ మీదైతే హైబర్నేట్, ప్లగ్‌లో ఉంటే స్లీప్ అని పెట్టుకున్నా. తెరుచుకోడానికి కాస్త టైమ్ పడుతుంది, పట్టనీండి. బరంపురం బస్సులో ల్యాప్‌టాప్ సంచిలో పెనంలా కాలడం మాత్రం ఆగింది.