‘బోర్డు పోయింది’ అనే ముందు మూత తీసి చూడండి

పాత డెస్క్‌టాప్ ఆన్ కావడం లేదని షాపుకు తీసుకెళ్తే, మూత కూడా తీయకుండా ‘బోర్డు పోయిందండీ, దీనికి సామాన్లు దొరకవు, కొత్తది తీసుకోండి’ అని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పరీక్షించి ఆ మాట అంటే తల వంచి ఒప్పుకుంటాను. వోల్టేజీ కొలిచే మీటరు ముట్టకుండా, ర్యామ్ (మెమరీ కడ్డీ) ఒక్కసారి తీసి పెట్టకుండా, యంత్రం వయసు చూసి తీర్పు చెప్పడం మాత్రం పని తెలిసినవాళ్ల పద్ధతి కాదు. పెంటియం 3, పెంటియం 4 ప్రాసెసర్ల కాలం నాటి యంత్రాలు నా బల్ల మీదికి వచ్చినవి వచ్చినట్టు చూస్తున్నాను. ‘పోయింది’ అనిపించుకున్నవాటిలో ఎక్కువ భాగం బతికే ఉన్నాయి.

ఇది పాత వస్తువుల మీద మమకారంతో అంటున్న మాట కాదు. 1990ల చివరి నుంచి చాలా ఏళ్లపాటు తెలుగు డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని, పేజ్‌మేకర్ అనే ప్రోగ్రామ్‌లో, అను వంటి ఫాంట్లతో నడిచింది. ఊళ్ల చరిత్రలు, స్థల పురాణాలు, అష్టావధానాల సంచికలు, చిన్న పత్రికలు, సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్న కవితా సంపుటాలు ఎన్నో అలా తయారయ్యాయి. పుస్తకం ప్రతులు చెదలు తినేసినా, ఆ పేజీలు ఏదో ఒక మూసేసిన ప్రెస్సులో, దుమ్ము పట్టిన సీపీయూలో ఇంకా ఉండవచ్చు. ‘బోర్డు పోయింది’ అన్న ఒక్క మాటతో అవన్నీ కిలోల లెక్కన పాత ఇనుము బండి ఎక్కుతున్నాయి.

ఈ మధ్య ప్రెస్సు మూసేసిన ఒక పెద్దాయన తన పెంటియం 4 యంత్రం తెచ్చారు. ‘బోర్డు పోయిందన్నారు బాబూ, పారేయమన్నారు. పారేయడానికి చేతులు రావడం లేదు’ అన్నారు. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. షాపులో చూసింది కూడా అంతవరకే.

ఇలాంటి యంత్రం వచ్చినప్పుడు మొదట హార్డ్ డిస్క్ కేబుళ్లు పీకేస్తాను. యజమానికి కావలసింది అందులో ఉంది. కరెంటు సప్లై సరిగా ఉందో లేదో తేలకముందే మళ్లీ మళ్లీ ఆన్ చేసి డిస్కును హింసించడం అన్యాయం. తర్వాత ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటును బోర్డుకు కావలసిన వోల్టేజీలకు మార్చి అందించే డబ్బా. ‘ఫ్యాను తిరుగుతోంది కాబట్టి సప్లై బాగానే ఉంది’ అనే మాట ఎంతమంది నోట విన్నానో! ఫ్యానుకు కావలసింది 12 వోల్టులు మాత్రమే. 5 వోల్టుల లైను, 3.3 వోల్టుల లైను పడిపోయినా అది తిరుగుతూనే ఉంటుంది. మీటరు పెట్టి చూస్తే ఎర్ర తీగలో 4.75 నుంచి 5.25 మధ్య, పసుపు తీగలో 11.4 నుంచి 12.6 మధ్య రావాలి. పెంటియం 4 బోర్డుల్లో ప్రాసెసర్ దగ్గర నాలుగు పిన్నుల చదరపు కనెక్టర్ ఒకటి విడిగా ఉంటుంది. అది పెట్టడం మరిచిపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు. ఒక హెచ్చరిక: ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఇంట్లో విప్పవద్దు. మన 230 వోల్టుల కరెంటు లోపల 300 వోల్టులు దాటిన డీసీగా మారి, కరెంటును నిలవ చేసే కెపాసిటర్లలో నిలుస్తుంది. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా కొంతసేపు ఉంటుంది.

పెద్దాయన యంత్రంలో వోల్టేజీలు సరిగానే వచ్చాయి. ఇక అసలు పరీక్ష. అదనపు కార్డులన్నీ తీసేసి, ర్యామ్ కూడా తీసేసి, బోర్డు, ప్రాసెసర్, క్యాబినెట్‌లోని చిన్న స్పీకర్ మాత్రమే ఉంచి ఆన్ చేయాలి. చాలా బోర్డులు ర్యామ్ లేదని ఆగకుండా బీప్ కొడతాయి. ఆ బీప్ వినిపించిందంటే ప్రాసెసర్ పనిచేస్తోంది, బోర్డు మీది చిప్‌లో ఉండే తొలి ప్రోగ్రామ్ బయాస్‌ను చదవగలుగుతోంది, బోర్డులో ప్రధానమైన భాగమంతా ప్రాణంతో ఉంది. ఎవరో చచ్చిపోయిందని చెప్పిన బోర్డు అలా మొర పెట్టుకుంటుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అక్కడి నుంచి బీపుల లెక్కే దారి చూపిస్తుంది. అవార్డ్ కంపెనీ బయాస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి బీపులంటే గ్రాఫిక్స్ కార్డు వైపు చూడాలి. అసలు చప్పుడే లేకపోతే అప్పుడు బోర్డును అనుమానించవచ్చు, అది కూడా ఆ స్పీకర్ పిన్నులు సరిగా పెట్టి ఉన్నాయని నిర్ధారించుకున్న తర్వాతే.

ఆయన బోర్డు గట్టిగానే అరిచింది. ర్యామ్ కాళ్ల మీద బంగారు పూత మాసి గోధుమ రంగుకు తిరిగి ఉంది. పిల్లలు వాడే మామూలు రబ్బరుతో మెల్లగా తుడిచి, స్లాటులో దుమ్ము బ్రష్షుతో తీసి, ర్యామ్‌ను రెండు వైపులా క్లిప్పులు పడేదాకా నొక్కి పెడితే తెర వెలిగింది. తీర్పు చెప్పినవాళ్ల దగ్గర రబ్బరు లేదా?

తెర మీద ‘సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్’ అని వచ్చింది. అది భయపడాల్సింది కాదు. బోర్డు మీది 3 వోల్టుల సీఆర్2032 సెల్లు అయిపోయింది, తేదీ, డిస్కు సెట్టింగులు మరిచిపోయింది, అంతే. కొత్త సెల్లు వీధి చివర కొట్లో దొరుకుతుంది. ‘డిస్క్ బూట్ ఫెయిల్యూర్’ అని వస్తే కేబుల్, జంపర్ (డిస్కు వెనక పిన్నుల మీది చిన్న క్లిప్పు) చూడాలి, డ్రైవులో ఎప్పటిదో ఫ్లాపీ మిగిలి ఉందేమో కూడా చూడాలి.

కానీ పెద్దాయన యంత్రంలో ఇంకో జబ్బు ఉంది. పరీక్షకు వేరే డిస్కు పెడితే విండోస్ ఎక్స్‌పీ లోడ్ అవుతుండగా రీస్టార్ట్ అవుతోంది. ప్రాసెసర్ చుట్టూ నిలబడిన కెపాసిటర్లను టార్చి వేసి చూశాను. మంచి కెపాసిటర్ తల చదునుగా ఉండాలి. వీటిలో కొన్నింటి తలలు ఉబ్బి, ఒకదాని గాటు దగ్గర గోధుమ రంగు పొక్కు కట్టి ఉంది. 2000ల మొదటి భాగంలో తయారైన బోర్డుల్లో ఇది లోకమంతా వచ్చిన జబ్బు. లోపలి ద్రావణం నాసిరకంగా తయారై, పెద్ద కంపెనీల యంత్రాలు కూడా దీనికి బలయ్యాయి. డెల్ కంపెనీ ఆప్టిప్లెక్స్ జీఎక్స్270, జీఎక్స్280 అందుకే అపకీర్తి మూటగట్టుకున్నాయి. అంతే సామర్థ్యం (మైక్రోఫారడ్లు), అంతే వోల్టేజీ లేదా కాస్త ఎక్కువ, లోపలి నిరోధం (ఈఎస్‌ఆర్) తక్కువగా ఉండే రకం కెపాసిటర్లు చూసుకుని, ప్లస్ మైనస్ తారుమారు కాకుండా సోల్డరింగ్ చేస్తే బోర్డు నిలబడుతుంది. నిలబడింది కూడా. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల ఓపికగా అడిగితే పాత భాగాలు చూపించేవాళ్లు కనిపిస్తారు. ‘సామాన్లు దొరకవు’ అని అడగకుండానే చెప్పడం నాకు నచ్చదు.

రిపేరు షాపులవాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. ఇంత పనికి మూడు, నాలుగు వందలు అడిగినా బేరమాడే వాళ్లం మనమే. గంటలు పోసి ఇంత వెతకడం వాళ్లకు గిట్టుబాటు కాదు. అలాంటప్పుడు ‘నాకు సమయం లేదండీ, ఇంకెవరికైనా చూపించండి’ అంటే ఎవరూ తప్పు పట్టరు. పరీక్షించనిదాన్ని పోయిందని చెప్పడమే తప్పు, ఎందుకంటే వినేవాళ్లు దాన్ని నమ్మి పారేస్తారు.

ఒకవేళ బోర్డు నిజంగానే పోయినా డిస్కు పోయినట్టు కాదు. పాత డిస్కుల ఐడీఈ కనెక్షన్‌ను యూఎస్‌బీకి మార్చే అడాప్టర్‌తో ఇప్పటి ల్యాప్‌టాప్‌కు తగిలించి ఫైళ్లు తీసుకోవచ్చు. టక్ టక్ మని కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే ఆపి, డేటా రికవరీ తెలిసినవాళ్లకు ఇవ్వాలి.

మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ల ప్రెస్సులోనో ఇలాంటి యంత్రం ఉంటే, పాత సామాన్లవాడికి ఇచ్చే ముందు స్క్రూలు తీసి హార్డ్ డిస్క్ బయటికి తీయండి. పీ65, పీఎండీ అనే పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి. పాత ఫాంట్ల అక్షరాలను, ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు వాడే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఏ ఫాంటో తెలియకపోతే అవి పనికిరావు. డిస్కు మీద ఒక కాగితం అంటించి ప్రెస్సు పేరు, ఊరు, వాడిన ఫాంటు పేరు రాయండి. ఆ వివరాలు గుర్తున్నవాళ్లు ఉన్నప్పుడే అడిగి రాయించుకోండి.