చనిపోలేదంటే క్షేమమేనా?

నీటిలో కలిసే రసాయనాలు రొయ్యలకు చేసే హానిపై వచ్చిన వ్యాసంలో, 96 గంటల పరీక్షలో రొయ్యలు చనిపోని మోతాదును వ్యాసకర్త సురక్షితమైనదిగా పరిగణించడం నాకు సమంజసంగా తోచలేదు. రొయ్య గానీ పీత గానీ పెరగాలంటే పాత పెంకు విడిచి, పెంకుకు ముఖ్య పదార్థమైన కైటిన్‌తో కొత్త పెంకు కట్టుకోవాలి; ఆ దశ నాలుగు రోజుల పరీక్షలో అసలు రాకపోవచ్చు. నార్వే సాల్మన్ చేపల పెంపకంలో, చేపల ఒంటిని పట్టి బతికే సముద్రపు పేలను అదుపు చేయడానికి మేతలో కలిపి వాడిన డైఫ్లూబెంజ్యురాన్, టెఫ్లూబెంజ్యురాన్ మందులు కైటిన్ తయారీనే అడ్డుకుంటాయి కనుక, మిగిలిపోయిన మేతతోనూ చేపల విసర్జనతోనూ సముద్రపు అడుగుకు చేరి, అక్కడి రొయ్యలను సరిగ్గా పెంకు విడిచే వేళలోనే దెబ్బతీయగలవు (ఆ పేలు కూడా రొయ్యల జాతి బంధువులే మరి). విషలోహమైన కాడ్మియం దారి వేరు. అది ఫిడ్లర్ పీతల్లో పెంకు విడవడాన్ని ఆలస్యం చేస్తుందనీ, అండాశయాల ఎదుగుదలను కుంటుపరుస్తుందనీ ప్రయోగాల్లో తేలింది. పెంకు విడవడాన్నీ, అండాశయాల ఎదుగుదలనూ అణచి ఉంచే కీలక హార్మోన్లు కంటికాడలో, అంటే కన్ను అమరి ఉండే కాడలో, తయారవుతాయి. తల్లిరొయ్యల చేత త్వరగా గుడ్లు పెట్టించడానికి హేచరీల్లో ఒక కంటికాడను తొలగించేది అందుకే. ఇంత సున్నితమైన వ్యవస్థకు జరిగే హానిని చావుల లెక్కతో తేల్చడం కంటే, డాఫ్నియా అనే చిన్న నీటి జీవిపై (ఇదీ రొయ్యల బంధువే) 21 రోజుల పాటు జరిపే పునరుత్పత్తి పరీక్షలో లాగా పుట్టిన పిల్లలను లెక్కించడం మేలు. రొయ్యల విషయంలో కనీసం ఒక్కసారి పెంకు విడిచేదాకానైనా గమనించాలి.