టీవీలో ‘అరుదైన’ నాణెం: అమ్మబోయినప్పుడు తెలిసే ధర

అమెరికాలో నాణేల దుకాణాలవాళ్లకు బాగా అలవాటైన దృశ్యం ఒకటుంది. తండ్రి పోయాక కొడుకో కూతురో అట్టపెట్టెలు మోసుకొచ్చి కౌంటర్ మీద పెడతారు. లోపల ఒక్కో నాణెం ఒక్కో వెల్వెట్ పెట్టెలో, ధ్రువీకరణ పత్రంతో సహా ఉంటుంది. అన్నీ ఏళ్ల తరబడి టీవీ షాపింగ్ చానళ్లలో కొన్నవే. రసీదులు కూడా భద్రంగా ఉంటాయి, కూడితే వేల డాలర్లు తేలతాయి. దుకాణదారు పెట్టెలు పక్కన పెట్టి, నాణేలు తీసి, వెండి లెక్క కట్టి ఒక అంకె చెబుతాడు. అది విని పిల్లలకు నోట మాట రాదు. ఇతను మోసం చేస్తున్నాడనుకుని ఇంకో దుకాణానికి వెళ్తారు. అక్కడా ఇంచుమించు అదే అంకె వినబడుతుంది.

ఆ నాణేలు దొంగవి కావు. చాలావరకు అమెరికా టంకశాల కొట్టినవే, వెండి అసలుదే, తూకం సరైనదే. అందుకే ఈ వ్యవహారం చట్టానికి చిక్కదు. నకలు నాణెం మీద ‘కాపీ’ అని ముద్ర ఉండి తీరాలని 1973 నాటి హాబీ ప్రొటెక్షన్ యాక్ట్ చెబుతోంది. అసలు నాణేన్ని రెండింతలకో మూడింతలకో అమ్మితే మాత్రం అది కొన్నవాడి ఇష్టం కిందికే వస్తుంది. పచ్చి అబద్ధం ఆడినప్పుడు ప్రభుత్వం కదిలిన సందర్భాలు లేకపోలేదు. 2004లో ‘ఫ్రీడమ్ టవర్ సిల్వర్ డాలర్’ పేరుతో టీవీ ప్రకటనల్లో ఒక నాణెం అమ్మిన కంపెనీని న్యూయార్క్ అటార్నీ జనరల్ కోర్టుకు లాగారు. ఆ నాణెం ప్రభుత్వం విడుదల చేసిన డాలర్ కాదు, వెండి కూడా పైన పలుచటి పూతే. అంత బాహాటంగా తప్పు చేసేవాళ్లు తక్కువ. మిగతావాళ్ల నోట వచ్చే ప్రతి వాక్యమూ విడివిడిగా చూస్తే నిజమే. వాటిని వరసగా విన్నవాడు మాత్రం తప్పుడు నిర్ణయానికి వస్తాడు. నా పేచీ అంతా ఈ పద్ధతితోనే.

అమెరికన్ సిల్వర్ ఈగల్‌నే తీసుకుందాం. ఈ కార్యక్రమాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనబడే నాణెం ఇదే. 1986లో మొదలైంది. ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31.1 గ్రాముల మేలిమి వెండి. ముఖ విలువ ఒక డాలర్. 1916లో అడాల్ఫ్ వైన్‌మన్ అర డాలర్ కోసం గీసిన నడిచే స్వేచ్ఛాదేవి బొమ్మ దీనిమీద ఉంటుంది. నిజంగా అందమైన నాణెం, ఇష్టపడటంలో తప్పేమీ లేదు. కానీ ఒక్క 2015లోనే 4 కోట్ల 70 లక్షలు అమ్మారు. ఇంత విరివిగా దొరికేదాన్ని అరుదు అనాలంటే నాణేన్ని వదిలేసి దాని చుట్టూ ఏదో ఒకటి కల్పించాలి.

ఆ కల్పన గ్రేడింగ్‌తో మొదలవుతుంది. పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే రెండు సంస్థలు నాణేన్ని పరిశీలించి 1 నుంచి 70 వరకు మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేస్తాయి. దీన్ని స్లాబ్ అంటారు. ఈ 70 మార్కుల కొలమానం 1949లో విలియం షెల్డన్ పాత రాగి సెంట్ల కోసం రూపొందించినది. నూటయాభై ఏళ్లు జనం చేతుల్లో తిరిగిన నాణెం ఎంత అరిగిందో చెప్పడానికి అది చక్కగా పనికొస్తుంది. నిన్న మొన్న యంత్రంలోంచి వచ్చి, ఎవరి చెయ్యీ తగలకుండా స్లాబ్‌లోకి వెళ్లిన సిల్వర్ ఈగల్‌కు అది చెప్పేదేముంది? అలాంటివాటికి చాలావరకు 69 గానీ 70 గానీ వస్తుంది. ఆ ఒక్క మార్కు తేడా మామూలు కంటికి ఆనదు. టీవీలో మాత్రం 70కి ధర ఎక్కడికో వెళ్తుంది.

తర్వాత స్లాబ్ మీది లేబుల్. ‘ఫస్ట్ స్ట్రైక్’ అని రాసి ఉంటే కొత్త అచ్చు మీద మొట్టమొదట కొట్టిన నాణేలని ఎవరైనా అనుకుంటారు. విడుదలైన మొదటి 30 రోజుల్లో గ్రేడింగ్ సంస్థకు చేరిందన్నదే ఆ మాటకు అర్థం. తాము ఏ నాణేలనూ అలా గుర్తించడం లేదని, ఏది ముందు కొట్టామో లెక్క కూడా ఉంచడం లేదని టంకశాలే స్పష్టంగా చెప్పింది. అదే నాణేన్ని జెండా బొమ్మ ఉన్న లేబుల్‌తో, ఇంకెవరిదో సంతకం ఉన్న లేబుల్‌తో అమ్ముతారు. ‘ప్రపంచం మొత్తంమీద ఇలాంటివి 500 మాత్రమే’ అని వ్యాఖ్యాత అంటే ఆ 500 లేబుళ్ల లెక్క. లోపలి నాణేలు కోట్లలో ఉన్నాయి. ఈ కార్యక్రమాల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే. చూసేవాడికి ‘500’ వినబడుతుంది, దేనికి 500 అన్నది వినబడదు.

పాత నాణేల విషయంలో వయసే ఎర. ‘వందేళ్లు దాటిన వెండి డాలర్’ అంటూ 1921 మోర్గన్ డాలర్ చూపిస్తారు. వయసు నిజమే. ఆ ఒక్క ఏడాదే మూడు టంకశాలల్లో కలిపి 8 కోట్ల 60 లక్షలకు పైగా కొట్టారన్నది చెప్పరు. మామూలు స్థితిలో ఉన్నదానికి ధర దాదాపుగా లోపలి 24 గ్రాముల వెండిదే. అదే మోర్గన్ వరసలో నెవాడాలోని కార్సన్ సిటీలో కొట్టిన కొన్ని ఏళ్ల డాలర్లు నిజంగానే దొరకడం కష్టం. ఆ తేడా తెలుసుకోవడమే నాణేల సేకరణలోని అసలు ఆనందం. తెర మీద మూడు నిమిషాల్లో అది అబ్బేది కాదు.

యుద్ధకాలపు ఉక్కు సెంట్లదీ ఇదే కథ. 1943లో రాగిని యుద్ధానికి మిగిల్చేందుకు కొట్టినవి 109 కోట్లు. 1999 నుంచి 2008 వరకు ఒక్కో రాష్ట్రం పేరిట వచ్చిన క్వార్టర్లు, అంటే 25 సెంట్ల నాణేలు, 3,400 కోట్లకు పైమాటే. వాటికి బంగారు పూత పూసి సెట్లుగా అమ్మారు. పూత పడిన నాణేన్ని సేకర్తలు పాడైనదాని కిందే లెక్కేస్తారు, దాని ధర 25 సెంట్లే. బంగారు పూతను మిల్లీగ్రాముల్లో చెప్పే ప్రకటనలైతే మరీ దారుణం. ఔన్సు బంగారం 3,000 డాలర్లు అనుకుంటే 14 మిల్లీగ్రాముల విలువ 1 డాలర్ 35 సెంట్లు.

ఈ వ్యాపారానికి వెనక చరిత్ర ఉంది. క్యూవీసీ అనే టీవీ షాపింగ్ చానల్‌ను 1986లో స్థాపించిన జోసెఫ్ సెగెల్, అంతకు ముందు 1964లో ఫ్రాంక్లిన్ మింట్ అనే ప్రైవేటు టంకశాలను మొదలుపెట్టిన మనిషే. ఆ సంస్థ వెండి పతకాలను నెలకొకటి చొప్పున చందాదారులకు పంపేది. 1978లో సీబీఎస్ ‘60 మినిట్స్’ కార్యక్రమం వాటికి తిరుగు ధర ఎంత తక్కువో బయటపెట్టింది. 1980 జనవరిలో వెండి ఔన్సు 50 డాలర్లకు చేరువైనప్పుడు ఆ పతకాలు ఎన్నో కొలిమిలోకి వెళ్లాయి. ‘పరిమిత సంచిక’ అని నమ్మి కొన్నవాళ్లకు చివరికి వెండి ధరే దక్కింది.

అప్పట్లో తపాలాలో వచ్చిన ప్రకటనను నాలుగు రోజులు బల్లమీద ఉంచుకుని ఆలోచించే వీలుండేది. టీవీ ఆ వ్యవధిని లాగేసుకుంది. తెర మూలన గడియారం తరిగిపోతుంటుంది, మిగిలిన సంఖ్య పడిపోతుంటుంది, మొత్తం ధర కన్నా పెద్ద అక్షరాల్లో నెల వాయిదా కనబడుతుంది. ఈ హడావిడికి పోటీ ధర చూసే సమయమే మొదట బలవుతుంది. అమెరికా నాణేల ధరలు ఉండే ‘రెడ్ బుక్’ అనే పుస్తకం తిరగేయాలన్నా, ఆన్‌లైన్ వేలాల్లో అదే నాణెం నిన్న ఎంతకు పోయిందో చూడాలన్నా పది నిమిషాలు కావాలి. ఆ పది నిమిషాలు ఉంటే చాలామంది కొనరు.

దగ్గర్లో నాణేల దుకాణం లేని పల్లెవాసికి, ఇల్లు కదలలేని వృద్ధులకు ఈ కార్యక్రమాలు తోడుగా ఉంటాయన్న వాదన ఉంది. నేను కాదనను. వ్యాఖ్యాత చెప్పే చరిత్ర విని ఈ అభిరుచిలోకి వచ్చి మంచి సేకర్తలైనవాళ్లూ ఉన్నారు. కానీ ఒంటరితనంలో ఫోన్ అందుకునేవారే ఎక్కువ నష్టపోతున్నప్పుడు, చానల్ మీద బాధ్యత ఇంకా పెరగాలి కదా. ధర పక్కనే మూడు అంకెలు చూపించడాన్ని తప్పనిసరి చేయాలి: నాణెంలోని లోహం విలువ ఆ రోజు ఎంత, టంకశాల మొత్తం ఎన్ని కొట్టింది, ఇదే నాణేన్ని చానల్ తిరిగి కొంటే ఎంత ఇస్తుంది. మూడోది చెప్పడానికి ఇష్టపడని అమ్మకందారు ‘పెట్టుబడి’ అన్న మాట వాడకుండా నిషేధించాలి. రోజూ గంటల తరబడి మాట్లాడే కార్యక్రమంలో మూడు అంకెలకు చోటు లేకపోదు.

అప్పటిదాకా కొన్నవారు చేయదగిన పని ఒకటుంది. పెట్టె ఇంటికి రాగానే, వాపసు గడువు దాటకముందే, రెండు దుకాణాలకు ఫోన్ చేయండి. ‘దీని విలువెంత’ అని అడిగితే పుస్తకంలో ఉన్న ధర చెబుతారు. ‘ఇవాళ తెచ్చిస్తే మీరు ఎంతకు కొంటారు’ అని అడగండి. ఆ జవాబు విన్నాక కూడా నాణెం మీద మనసుంటే ఉంచుకోండి. ఆ అంకెను మాత్రం తేదీతో సహా రసీదు వెనక రాసి పెట్టెలోనే ఉంచండి, రేపు ఆ పెట్టె తెరిచే పిల్లలకు ముందే తెలుస్తుంది.