కోత లేదు, కుట్టు లేదు, సిగ్గూ లేదు

"కోత లేదు, కుట్టు లేదు, మర్నాటికల్లా ఇంటికి!" ఫోన్ తెరిస్తే చాలు, బరువు తగ్గించే క్లినిక్కులది ఇదే పాట. కోత లేదన్నది నిజమే. కుట్టు లేదనడానికే గుండె ధైర్యం కావాలి. వాళ్లమ్మే ఎండోస్కోపిక్ స్లీవ్ అంటే నోట్లోంచి గొట్టం దింపి, దాని కొసనున్న సూదితో జీర్ణాశయాన్ని లోపల్నుంచి మడిచి కుట్టేయడం. అందులో ఉన్నదంతా కుట్టే. పైకి కనపడదు గనక లేనట్టే లెక్కట. ఆ లెక్కన మనకెవరికీ పేగులు కూడా లేవు.

కుట్టంటే జడిసేవారికి బెలూన్ ఉంది. కడుపులోకి దింపి అర లీటరుకు అటూఇటూగా సెలైన్ నింపుతారు. అందులో నీలం రంగు కలుపుతారు. బెలూన్ చిరిగితే మూత్రం రంగు మారి కబురు చెబుతుందన్నమాట! మొదటి నాలుగు రోజులు వాంతులు. ఆరు నెలలకు బెలూన్ బయటికొస్తుంది, ఆకలి మాత్రం లోపలే ఉంటుంది. ఈ చివరి ముక్క ప్రకటనలో పట్టలేదు పాపం, చోటు చాలక.

అయినా నా ఓటు ఆస్పైర్ అసిస్ట్‌కే. 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన ఈ అద్భుతంలో పొట్టకు చిల్లు పెట్టి, చర్మం మీద చిన్న మూత బిగిస్తారు. తిన్న అరగంటకల్లా దానికి గొట్టం తగిలించి, తిన్నదాంట్లో 30 శాతం దాకా బయటికి వంపేసుకోవచ్చు. ఒక విందు ఊహించండి. "వంట ఎలా ఉందండీ?" "అమృతం! ఒక్క క్షణం" అని పెద్దమనిషి లేచి బాత్రూంలోకి వెళ్తాడు, గడియ పెడతాడు, గొట్టం తగిలిస్తాడు, అమృతంలో మూడోవంతు కమోడ్‌కి నివేదిస్తాడు. సరిగ్గా నమల్లేదేమో, ఒక ముక్క గొట్టంలో అడ్డుపడుతుంది. బయట ఆవిడ తలుపు తట్టి, "ఇంకాస్త వడ్డించమంటారా?" ఇప్పుడు చోటుంది గనక కాదనలేడు. ఆ సరుకును తర్వాత కంపెనీవాళ్లే మార్కెట్లోంచి తీసేశారు. మన దురదృష్టం.

నవ్వు అక్కడితో సరి. ఎండోస్కోపిక్ స్లీవ్ పనికిరానిదేం కాదు. 2022లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన మెరిట్ అధ్యయనంలో ఏడాదికి సగటున 13.6 శాతం బరువు తగ్గింది. ఆపరేషన్ వద్దనుకునేవారికి అదీ ఒక దారే. కానీ 150 కిలోల మనిషి షుగరుతో, నాలుగడుగులేస్తే ఆయాసంతో వచ్చి ఎదురుగా కూర్చుంటే, జీర్ణాశయాన్ని కోసి చిన్నది చేసే బేరియాట్రిక్ ఆపరేషన్‌తో బరువులో పావు వంతు దాకా తగ్గొచ్చన్న మాట మింగేసి, "కోయించుకోవడం ఎందుకండీ, రిస్కు" అని బెదరగొట్టడం వైద్యం కాదు, మోసం. పోయిన కిలోలు తిరిగొచ్చాక "మీకు కంట్రోల్ లేదు" అని ఆ మనిషినే తిట్టడం ఇంకా నీచం. ఊబకాయం జబ్బని బోర్డు మీద రాసుకుంటారు కదా, మరి జబ్బు తిరగబెడితే తప్పు రోగిదెలా అయింది? ఎవడిచ్చాడు వీళ్లకీ హక్కు?

తలొంచుకుని కూర్చున్న ఆ మనిషిని, రసీదు పుస్తకం దగ్గరికి లాక్కుంటూ అడుగుతారు: "ఇంకో బెలూన్ వేద్దామా?"