సవరణ: సాలీడు మెదడులో రెండో ఖండం ఉంది

కీటకాల మెదడుపై పెట్టిన పోస్టులో ‘సాలీళ్లకు, తేళ్లకు స్పర్శశృంగాలు (తలమీది మీసాలు) లేవు కాబట్టి డ్యూటోసెరెబ్రమ్ (మెదడు రెండో ఖండం) కూడా లేదు’ అన్న వాక్యం ఉంది. దాన్ని తీసేశాం. పాత పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం ఉన్న మాటే ఇది, కానీ సరికాదు.

కీటకం మెదడు మూడు ఖండాలు: కళ్లకు ప్రోటోసెరెబ్రమ్, స్పర్శశృంగాలకు డ్యూటోసెరెబ్రమ్, ఆ వెనక ట్రైటోసెరెబ్రమ్. సాలీడులోనూ మూడూ ఉన్నాయి. రెండో ఖండం నరాలు కెలిసెరాలకు, అంటే కోరలున్న ఉపాంగాలకు వెళ్తాయి. మూడోదాని నరాలు పెడిపాల్పులకు, అంటే కెలిసెరాల వెనకున్న ఉపాంగాలకు.

ఇది తేలింది 1998లో, పిండంలో హాక్స్ జన్యువులు (శరీరంలో ఏ ఖండం ఏదిగా మారాలో నిర్ణయించేవి) ఎక్కడ పనిచేస్తున్నాయో చూసినప్పుడు. వాటిలో ఒకటైన లేబియల్ జన్యువు పని కీటకంలో ట్రైటోసెరెబ్రమ్ ఖండం నుంచి మొదలవుతుంది. సాలీడులో అదే జన్యువు పని పెడిపాల్పుల ఖండం నుంచి మొదలవుతుంది, కెలిసెరాల దగ్గర ఉండదు. అంటే పెడిపాల్పులది మూడో ఖండం, దాని ముందున్న కెలిసెరాలది రెండోది. కాబట్టి కెలిసెరాల ఖండం, స్పర్శశృంగాల ఖండం ఒకటే. ఎదిగిన జీవిలో ఉపాంగం కనబడలేదని ఖండాన్నే కొట్టేస్తే లెక్క ఇలాగే తప్పుతుంది. కీటకంలో మూడో ఖండానికీ ఉపాంగం లేదు మరి, దాన్నెవరూ కొట్టేయలేదు!

పోల్చి చూడాలంటే రొయ్య నయం. దానికి రెండు జతల స్పర్శశృంగాలు: పొట్టి జత డ్యూటోసెరెబ్రమ్‌ది, పొడవాటి జత ట్రైటోసెరెబ్రమ్‌ది.

ఆ పోస్టులోని బొమ్మలోనూ ఒక మార్పు: అన్నవాహిక కింది నాడీసంధిని (నాడీకణాల ముద్దను) మెదడు నాలుగో ఖండంగా చూపిన గీత చెరిపేశాం. కీటకంలో అది నోటి భాగాల మూడు ఖండాల నాడీసంధులు కలిసి ఏర్పడింది.