ఇంక్రిమెంటు అడిగితే సమురాయ్ కథలా?

ఈసారి ఇంక్రిమెంట్లు లేవని చెప్పిన మర్నాడే, అంటే ఇవాళ, మా ఆఫీసులో వ్యక్తిత్వ వికాస తరగతి పెట్టారు. వచ్చినాయన తెర మీద కత్తి దూసిన సమురాయ్ (పాత జపాన్ యోధుడు) బొమ్మ వేసి, "వీళ్లు జీతం కోసం కాదు, విధేయత కోసం బతికారు" అన్నాడు. ఏడు సుగుణాలట, వెయ్యేళ్ల నాటి నీతిట. ఒళ్లు మండిపోయింది.

అయ్యా, ఆ ఏడు సుగుణాలూ నితోబే ఇనాజో అనే పెద్దమనిషి అమెరికాలో కూర్చుని ఇంగ్లీషులో రాసిన 'బుషిడో' (సమురాయ్ నీతి) అనే పుస్తకం చలవ. అది అచ్చయింది 1900లో. సమురాయ్‌లు కత్తి కట్టుకుని బజారులో తిరగకూడదని అక్కడి ప్రభుత్వం 1876లోనే నిషేధించింది!

జీతం కోసం కాదట! తొకుగావా వంశం ఏలిన కాలంలో (1603–1868) సమురాయ్ హోదాను కొలిచిందే జీతంతో. అదీ బియ్యం రూపంలో, కొకుల లెక్కన. ఒక కొకు దాదాపు 180 లీటర్లు, ఒక మనిషికి ఏడాది తిండి. ఎదో (ఇప్పటి టోక్యో) నగరంలో షోగున్ దగ్గర, అంటే దేశాన్నేలే సైనిక ప్రభువు దగ్గర, కొలువు చేసే చిన్న సమురాయ్ ఆ బియ్యాన్ని అసకుసా గిడ్డంగుల దగ్గర దళారుల చేత అమ్మించుకునేవాడు. చాలకపోతే రాబోయే బియ్యం తాకట్టు పెట్టి వాళ్ల దగ్గరే అప్పు చేసేవాడు. ఇంట్లో గొడుగులు కట్టి అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. అప్పిచ్చిన వర్తకుడేమో సమురాయ్, రైతు, చేతిపనివాడు, వర్తకుడు అనే నాలుగు వర్గాల్లో అట్టడుగు. 1789లో షోగున్ ప్రభుత్వం ఆ పాత బాకీలను ఒక్క ఉత్తర్వుతో కొట్టేసింది. నిజాయితీ కూడా ఆ ఏడింటిలో ఒకటి కదూ?

ఇక విధేయత. 1582లో హొన్నోజి గుడిలో ఓదా నొబునగ అనే ప్రభువును చుట్టుముట్టింది సొంత సేనాని అకెచి మిత్సుహిదెయే. 1600లో సెకిగహర యుద్ధం సగంలో ఉండగా కొబయకవ హిదెయకి అనే ప్రభువు సైన్యంతో సహా అవతలి పక్షాన చేరాడు. చావే సమురాయ్ మార్గమని బోధించిన యమమొతొ త్సునెతొమొ ఒక్క యుద్ధమూ చూడలేదు. సన్యాసం పుచ్చుకుని, అరవై ఏళ్లు బతికి పోయాడు.

నొబునగ తర్వాత పెత్తనం చేసిన హిదెయొషి సంగతి మరీ ఘోరం. రైతు కుటుంబంలో పుట్టి దేశాన్ని ఏలాడు. ఏలగానే 1588లో రైతుల కత్తులన్నీ గుంజుకున్నాడు. ఆ ఇనుముతో క్యోటోలో మహాబుద్ధుడి ఆలయానికి మేకులు కొట్టిస్తాం, మీకు పరలోకంలో పుణ్యం అని చెప్పాడు. పైకెక్కినవాడు నిచ్చెన లాగేసుకోవడం అంటే ఇదే.

ఈ నాలుగు మెట్లకూ కింద ఇంకొకరున్నారు. తెర మీద వాళ్ల బొమ్మ ఉండదు. పశువుల తోళ్లు ఒలిచి, నానబెట్టి, పదును చేసినవాళ్లు. సమురాయ్ కవచానికి ఆ తోలు కావాలి, మనిషి మాత్రం అంటు. 1871లో చట్టం వాళ్లను సమానులన్నది. 1873లో మిమసక ప్రాంతంలో, సమానమయ్యారన్న కోపంతోనే, రైతులు వాళ్ల ఇళ్లు తగలబెట్టి, కొందరిని చంపారు. 1975లో ఏం బయటపడిందో తెలుసా? వాళ్ల వాడలన్నీ ఎక్కడెక్కడున్నాయో చెప్పే పుస్తకం రహస్యంగా అమ్ముతున్నారని. కొన్నది కంపెనీలు! ఉద్యోగానికి వచ్చినవాడి ఊరు చూసి వద్దనడానికి.

నా పాత ఆఫీసులో ఒకాయన ఉండేవాడు. చేరిన రోజున ఇంటిపేరు అడిగాడు, తర్వాత ఊరు, తర్వాత ఊళ్లో ఏ వైపు అని. జపాన్ కంపెనీలు పాపం డబ్బు పోసి పుస్తకం కొనుక్కోవాల్సి వచ్చింది. ఆయనకు పైసా ఖర్చు లేకుండా, టీ చల్లారేలోపు తేలిపోయింది.